అటక దిగిన కంప్యూటర్లు

ఇంటెల్ డీజీ31పీఆర్ మదర్‌బోర్డు, పెంటియం డ్యూయల్ కోర్ ఈ2180 ప్రాసెసర్, ఒక జీబీ డీడీఆర్2 ర్యామ్, 160 జీబీ హార్డ్‌డిస్క్, అందులో విండోస్ ఎక్స్‌పీ. 2008, 2009 ప్రాంతంలో దసరా ముందు వచ్చే బోనస్‌తో కంప్యూటర్ కొన్న జంషెడ్‌పూర్ ఇళ్లల్లో నేను తరచుగా చూసిన సరంజామా ఇది. కద్మాలో మా వెనక వీధి తెలుగువాళ్ల ఇంట్లో అలాంటిదొకటి ఏళ్ల తరబడి అటక మీదే ఉండిపోయింది. ఈమధ్య దాన్ని దించి, దుమ్ము దులిపి, నాకు కబురు పెట్టారు.

"బాబాయ్, ఈ సీపీయూని కబాడీవాడికి ఇచ్చేయమంటన్నారు ఆయన. పిల్లకి పనికొస్తాదేటో ఓపాలి చూడండి" అంది ఆ ఇంటి కోడలు.

పిల్ల తొమ్మిదో తరగతి. బళ్లో పైథాన్ మొదలుపెట్టారు. ఫోన్ తెర మీద ప్రోగ్రామ్ రాయడం ఎంత యాతనో పక్కన కూర్చుని చూస్తేనే తెలుస్తుంది. కొత్త ల్యాప్‌టాప్ ఇప్పట్లో కొనే వీలు లేదు. అందుకని ఆ అటక మీది పెట్టెలో ప్రాణం ఉందా లేదా అన్నది ఆ ఇంటికి చిన్న విషయం కాదు.

నేను ఉక్కు కర్మాగారంలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి పని వెతుక్కుంటూ ఈ ఊరొచ్చారు. 1912లో ఇక్కడ తొలి ఉక్కు దిమ్మ తయారైంది. తర్వాతి దశాబ్దాల్లో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఎన్నో కుటుంబాలు ఈ కొలుముల చుట్టూ చేరాయి. కద్మా, సోనారీ వీధుల్లో ఇప్పటికీ తెలుగు వినిపించడం, బిష్టుపూర్‌లో తెలుగువాళ్ల రామమందిరం ఉండటం ఆ వలసల వల్లే. రిటైరయ్యాక నేను మనసుపెట్టి చేస్తున్న పని పాత కంప్యూటర్లకు లినక్స్ వేసివ్వడం. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్, టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి. అవి లేని మెషీన్లు ఇళ్లల్లో కుప్పలుగా ఉన్నాయి. వాటిలో చాలావాటికి లినక్స్ చక్కగా సరిపోతుంది. కానీ వేయబోతే మధ్యలో ఆగిపోతుంది. ఆగిపోగానే "ముసలిదైపోయింది, ఇంక దీనివల్ల కాదు" అని తేల్చేస్తారు. నా బాధ అక్కడే.

పాత మెషీన్‌లో లినక్స్ నడవడానికి పట్టే ర్యామ్ కంటే, దాన్ని వేసే ఇన్‌స్టాలర్‌కు పట్టే ర్యామ్ ఎక్కువ. ఈ ఒక్క సంగతి తెలియకే లెక్కలేనన్ని కంప్యూటర్లు కబాడీ బండి ఎక్కుతున్నాయి. ఇప్పుడు పేరున్న లినక్స్‌లు చాలావరకు లైవ్ పద్ధతిలో వస్తున్నాయి. పెన్‌డ్రైవ్ పెట్టగానే మొత్తం డెస్క్‌టాప్ తెర మీదికి వచ్చేస్తుంది, దాని మీద ఇన్‌స్టాల్ అనే బొమ్మ నొక్కితే పని మొదలవుతుంది. 8 జీబీ మెషీన్‌లో ఇంతకంటే సుఖమైన ఏర్పాటు లేదు. ఒక జీబీ మెషీన్‌లో మాత్రం డెస్క్‌టాప్ తన వాటా తినేశాక ఇన్‌స్టాలర్‌కు మిగిలేది గోరంత.

ఈ పిల్ల మెషీన్‌లో జరిగింది చెబుతాను. ఆ పిల్ల అన్నకెవరో స్నేహితుడు ఇచ్చిన లైవ్ పెన్‌డ్రైవ్ పెట్టి వాళ్లే మొదట ప్రయత్నించారట. నా ముందు మళ్లీ పెట్టి చూపించారు. డెస్క్‌టాప్ వచ్చింది. ఇన్‌స్టాల్ నొక్కారు. భాష అడిగింది, కీబోర్డు అడిగింది, డిస్క్ అడిగే చోటికి వచ్చి మౌస్ బాణం కదలడం మానేసింది. "హ్యాంగయిపోయింది" అన్నారు. నేను తెర వదిలేసి పెన్‌డ్రైవ్ వైపు చూశాను. దాని కొసన ఉన్న చిన్న లైటు ఆగకుండా, ఒకే వేగంతో, గుక్క తిప్పుకోకుండా మెరుస్తోంది. నిజంగా హ్యాంగయిన మెషీన్‌లో ఆ లైటు ఆరిపోయి ఉండాలి, లేదా కదలకుండా వెలుగుతూ ఉండాలి. అలా మెరుస్తోందంటే లోపల పని జరుగుతూనే ఉంది. ర్యామ్ చాలక మెషీన్ చేసిన పనినే మళ్లీ మళ్లీ చేస్తోంది.

లోపల ఏమవుతుందంటే, లైవ్ పద్ధతిలో ప్రోగ్రాములన్నీ పెన్‌డ్రైవ్ మీద కుదించి ఉంటాయి. కావలసిన ముక్కను లినక్స్ విప్పి ర్యామ్‌లో పెట్టుకుంటుంది. మనం కొత్తగా రాసేవీ, మార్చేవీ ర్యామ్‌లోనే ఉండాలి, ఎందుకంటే హార్డ్‌డిస్క్‌ను అదింకా ముట్టుకోలేదు. ర్యామ్ నిండగానే చోటు కోసం ఏదో ఒక ప్రోగ్రామ్ ముక్కను పారేస్తుంది. మరుక్షణం ఆ ముక్కే కావలసి వస్తుంది. మళ్లీ పెన్‌డ్రైవ్ దగ్గరికి పరుగెడుతుంది, తెచ్చి విప్పుతుంది, దానికి చోటు చేయడానికి ఇంకో ముక్కను పారేస్తుంది. మౌస్ కదిలించే ముక్క కూడా ఆ పారేసినవాటిలో ఉంటుంది. పైగా ఈ జీ31 బోర్డుకు విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. తెర మీద బొమ్మకు కావలసిన మెమరీని కూడా ఆ ఒక్క జీబీలోంచే కోసుకుంటుంది. ఇంకా బిగుసుకుంటే లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్ తనంతట తాను ఒక ప్రోగ్రామ్‌ను చంపేస్తుంది. ఎక్కువ ర్యామ్ పట్టుకున్నదాని మీదే వేటు పడుతుంది కాబట్టి చచ్చేది చాలాసార్లు ఇన్‌స్టాలరే. ఇన్‌స్టాల్ కిటికీ చప్పుడు లేకుండా మాయమైందని చాలామంది చెప్పేది దీని గురించే.

ఈ కష్టం లినక్స్ పుట్టిన ఏడాదే ఎదురైంది. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయం విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ తన 386 మెషీన్ మీద లినక్స్ రాయడం మొదలుపెట్టాడు. దానిలో ఉన్నది 4 ఎంబీ ర్యామ్. ఆ ఏడాది చివర్లో జర్మనీ నుంచి ఒకాయన, తన దగ్గర 2 ఎంబీయే ఉందనీ, కంపైలర్ నడవడం లేదనీ రాశాడు. టోర్వాల్డ్స్‌కు తన మెషీన్‌లో ఆ అవసరమే లేదు. అయినా ఆ ఒక్క మనిషి కోసం క్రిస్మస్ సెలవుల్లో కూర్చుని, ర్యామ్‌లో పట్టని ముక్కలను, అంటే పేజీలను, డిస్క్ మీదికి పంపే ఏర్పాటు రాశాడు. 1992 జనవరిలో వచ్చిన 0.12 వెర్షన్‌లో అది చేరింది. ఇప్పుడు మనం స్వాప్ అంటున్నది అదే. ఎప్పుడు తలుచుకున్నా నాకు ఆ ఇద్దరి మీదా గౌరవం కలుగుతుంది, అడిగినాయన మీద కూడా. తన మెషీన్ చిన్నదని చెప్పుకోవడానికి ఆయన వెనకాడి ఉంటే ఆ ఏర్పాటు ఎప్పటికి వచ్చేదో!

కాబట్టి వైద్యం మొదటి నుంచీ లినక్స్‌లోనే ఉంది. ఇన్‌స్టాలర్ మొదలవకముందే హార్డ్‌డిస్క్ మీద కొంత జాగా స్వాప్‌కు కేటాయించి, వాడకంలో పెట్టాలి. లైవ్ డెస్క్‌టాప్‌లోనే ఉంటే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కితే నల్లటి తెర వస్తుంది. అక్కడ ఎంకేస్వాప్, స్వాప్‌ఆన్ అనే రెండు ఆదేశాలతో పని అయిపోతుంది. 'ఫ్రీ' అని కొట్టి, పక్కన హైఫన్ ఎమ్ పెడితే ఎంత ర్యామ్ మిగిలిందో ఎంబీల్లో కనబడుతుంది. నేను ఏ మెషీన్‌కైనా నాడి చూసేది ఈ ఆదేశంతోనే.

కానీ ఒక జీబీ, అంతకంటే తక్కువ ఉన్న మెషీన్లకు లైవ్ దారి అసలు తొక్కను. డెబియన్ అనే లినక్స్‌లో నీలం తెర మీద అక్షరాలతో నడిచే పాతకాలం ఇన్‌స్టాలర్ ఇప్పటికీ ఉంది. మౌస్ అక్కర్లేదు, బాణం మీటలు, ఎంటర్ చాలు. ర్యామ్ బాగా తక్కువని కనిపెడితే అదే లో మెమరీ పద్ధతిలోకి మారిపోతుంది. అనువాదాలను పక్కన పెట్టి, ఆ నిమిషానికి కావలసిన భాగాలను మాత్రం తెచ్చుకుంటుంది. డిస్క్ పార్టిషన్ అవగానే స్వాప్‌ను వాడకంలో పెట్టేస్తుంది, అసలు బరువు పని ఆ తర్వాతే మొదలవుతుంది. చివర్లో ఏ డెస్క్‌టాప్ కావాలని ఒక జాబితా చూపిస్తుంది. అక్కడ ముందే టిక్కు పెట్టి ఉన్నదాన్ని తీసేసి తేలికైన ఎల్ఎక్స్‌డీఈ ఎంచుకోవాలి. టిక్కు అలాగే వదిలేస్తే గ్నోమ్ వస్తుంది. అందమైనదే, కానీ ఒక జీబీలో కాలు చాపుకోలేదు.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది, దాన్ని అందరికీ గట్టిగా చెబుతాను. పాత డిస్క్‌లో ఏముందో చూడకుండా పార్టిషన్ ముట్టుకోకూడదు. ఆస్ట్రేలియాకు చెందిన బ్యారీ కౌలర్ 2003లో మొదలుపెట్టిన పప్పీ లినక్స్ ఇందుకు బాగా పనికొస్తుంది. అది చాలా చిన్నది, మొత్తంగా ర్యామ్‌లోకి ఎక్కి కూర్చుంటుంది, డిస్క్ జోలికి పోదు. ఈ ఇంటి డిస్క్‌ను దానితో తెరిస్తే పెళ్లి ఫోటోలు, అన్నప్రాసన ఫోటోలు, పోయిన పెద్దాయన పలాస వెళ్లినప్పుడు తీసుకున్న ఫోటోలు బయటపడ్డాయి. పోయాయనుకున్నవి దొరికేసరికి ఆ ఇంట్లో లినక్స్ మాట కాసేపు అందరూ మర్చిపోయారు. అన్నీ వేరే డ్రైవ్‌లోకి ఎక్కించాకే డిస్క్ మీద చెయ్యి వేశాను.

ఈ2180 ప్రాసెసర్ 64 బిట్‌ది. విండోస్ ఎక్స్‌పీ 32 బిట్‌ది ఉండేది కాబట్టి ఇలాంటి మెషీన్లు 32 బిట్‌వేనని చాలామంది పొరబడతారు. లినక్స్‌లో ప్రాసెసర్ వివరాలు చూస్తే ఫ్లాగ్స్ అనే వరసలో ఎల్ఎమ్ అన్న రెండక్షరాలు కనబడితే అది 64 బిట్‌ది. 64 బిట్ లినక్స్ కాస్త ఎక్కువ ర్యామ్ తింటుంది, నిజమే. కానీ 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13 నుంచి 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలరూ, కెర్నలూ ఇవ్వడం మానేశారు. గూగుల్ క్రోమ్ 2016లోనే 32 బిట్ లినక్స్‌ను వదిలేసింది. ఫైర్‌ఫాక్స్ 144వ వెర్షన్‌తో ఆపేసింది. అందుకే ఎల్ఎమ్ కనబడితే 64 బిట్టే వేయడం మేలు. ఈ పిల్ల మెషీన్‌కు డెబియన్ 13 వేశాను.

డెబియన్ 13తో తక్కువ ర్యామ్ ఉన్నవాళ్లు గమనించాల్సిన మార్పు ఒకటుంది. తాత్కాలిక ఫైళ్లు పెట్టుకునే టీఎమ్‌పీ అనే ఫోల్డర్ ఇదివరకు డిస్క్ మీద ఉండేది, ఇప్పుడు మామూలుగా ర్యామ్‌లో పెడుతున్నారు. ర్యామ్ దండిగా ఉంటే వేగం పెరుగుతుంది. ఒక జీబీలో పెద్ద ఫైలేదైనా అక్కడ పడితే ఊపిరాడదు. టీఎమ్‌పీ డాట్ మౌంట్‌ను మాస్క్ చేసి మెషీన్‌ను మళ్లీ ఆన్ చేస్తే అది డిస్క్ మీదికి వెళ్లిపోతుంది. ఆ తర్వాత జెడ్‌ర్యామ్ పెట్టాను. ర్యామ్‌లోనే కొంత భాగాన్ని స్వాప్‌గా చూపించి, అందులోకి వచ్చే పేజీలను కుదించి దాచే ఏర్పాటు ఇది. పేజీలు మామూలుగా సగానికో, మూడో వంతుకో తగ్గిపోతాయి. కుదించడానికి ప్రాసెసర్ కొంత శ్రమ పడుతుంది గానీ, హార్డ్‌డిస్క్ దాకా వెళ్లి రావడంతో పోలిస్తే అదెంత! ఇవన్నీ అయ్యాక ఖాళీగా ఉన్న డెస్క్‌టాప్ మీద ఫ్రీ కొడితే వాడకం నాలుగువందల ఎంబీ లోపే చూపించింది. మొదట్లో ఇన్‌స్టాలర్‌కే చాలని ఒక జీబీలో ఇప్పుడు సగానికి పైగా పిల్ల చేతిలో ఉందన్నమాట.

నిజంగా 32 బిట్ మెషీన్లూ వస్తాయి. వాటిలో తెర మీద పడే మాట సూటిగానే ఉంటుంది: ఈ కెర్నల్‌కు ఎక్స్86-64 ప్రాసెసర్ కావాలి, ఇక్కడున్నది ఐ686 మాత్రమే అని. ఆ వాక్యం చదివితే చాలు, తప్పు ఫైలు డౌన్‌లోడ్ అయిందని అర్థమైపోతుంది. చదవకుండా పవర్ బటన్ నొక్కేవాళ్లే ఎక్కువ. సోనారీ నుంచి ఒక మిత్రుడు తెచ్చిన ల్యాప్‌టాప్ ఇంకో రకం. పెంటియం ఎమ్ ప్రాసెసర్. పీఏఈ లేదు, బూట్ కాను అంది. పీఏఈ అంటే 4 జీబీకి మించిన ర్యామ్‌ను చేరుకోవడానికి పెట్టిన ఏర్పాటు. విచిత్రమేమిటంటే, తొలి తరం పెంటియం ఎమ్ ప్రాసెసర్లలో ఆ ఏర్పాటు ఉంది, ఉన్నట్టు చెప్పుకోదంతే. 2014 నుంచి కెర్నల్‌లో ఫోర్స్‌పీఏఈ అనే మాట చేర్చారు. బూట్ వరసలో అది రాస్తే "చెప్పకపోయినా ఉందనుకో, నడుపు" అన్నట్టు. డెబియన్ 12 32 బిట్‌లో పీఏఈ అడగని కెర్నల్ కూడా విడిగా ఉంది. ఆ ల్యాప్‌టాప్‌కు అదే వేశాను. డెబియన్ 12కి దీర్ఘకాలపు సెక్యూరిటీ సవరణలు 2028 జూన్ వరకు వస్తాయి.

అటక మీద ఏళ్ల తరబడి పడుకున్న ప్రతి మెషీన్‌లోనూ ఒక సెల్లు చచ్చిపోయి ఉంటుంది. రూపాయి బిళ్లంత ఉండే సీఆర్2032. మల్టీమీటర్ పెడితే 3 వోల్టులు రావాలి. రాకపోతే ఆన్ చేసిన ప్రతిసారీ మెషీన్ తారీఖు ఎప్పటిదో పాత సంవత్సరానికి వెళ్లిపోతుంది. దీనికీ లినక్స్ ఎక్కకపోవడానికీ సంబంధమేంటని అడుగుతారు. డెబియన్ సర్వర్ నుంచి వచ్చే జాబితాలకు సంతకం, తారీఖు ఉంటాయి. మెషీన్ తాను 2008లో ఉన్నాననుకుంటే, 2025లో సంతకం పెట్టిన జాబితా దానికి ఇంకా పుట్టనట్టే. చెల్లుబాటు కాలం మొదలవలేదని తోసిపుచ్చుతుంది. వెబ్‌సైట్ల సర్టిఫికెట్లనూ అలాగే నిరాకరిస్తుంది. ఇంటర్నెట్ తగిలించి ఉంటుంది, లైట్లు వెలుగుతుంటాయి, ఏదీ డౌన్‌లోడ్ కాదు. మనిషి రౌటర్‌ను, కేబుల్‌ను, ఇంటర్నెట్ కంపెనీని తిట్టుకుంటాడు. బయోస్‌లోకి వెళ్లి తారీఖు సరిచేస్తే అప్పటికప్పుడు పని జరుగుతుంది, సెల్లు మారిస్తే శాశ్వతంగా తీరుతుంది.

ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతే నేను అడిగే మొదటి ప్రశ్న ఎక్కడ ఆగింది అని. రెండోది, మళ్లీ వేస్తే అక్కడే ఆగిందా అని. ప్రతిసారీ ఒకేచోట ఆగితే పెన్‌డ్రైవ్‌లోని ఫైలు పాడైందో, డిస్క్‌లో ఆ భాగం దెబ్బతిన్నదో అనుకోవచ్చు. డౌన్‌లోడ్ చేసిన ఫైలు షా256 సంఖ్య సరిపోల్చుకుంటే మొదటి అనుమానం తీరిపోతుంది. ఒకసారి ఇక్కడ, మరోసారి అక్కడ ఆగితే మాత్రం ర్యామ్, వేడి, కరెంటు, ఈ మూడింటిలో ఒకటి. మూడు షిఫ్టులూ తిరిగే కర్మాగారంలో మేం ఫాల్ట్ వచ్చిన మోటారు దగ్గర చేసేదీ ఇదే. ముందు సప్లై చూస్తాం, ఒకసారికి ఒక్కటే మారుస్తాం, మార్చినదాన్ని లాగ్‌బుక్‌లో రాస్తాం, లేకపోతే తర్వాతి షిఫ్టువాడికి ఏం చేశామో తెలియదు. పాత కంప్యూటర్లకూ నేను అలాంటి పుస్తకమే పెట్టాను. తెర మీద వచ్చిన ఎర్రర్ వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాసుకుంటాను.

ర్యామ్ స్టిక్ తీసి బంగారు రంగు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు ఊది, తిరిగి టక్కుమనేలా నొక్కితే చాలాసార్లు జబ్బు కుదురుతుంది. ఏళ్ల తరబడి గాలిలోని తేమకు ఆ కాళ్ల మీద పొర పట్టి ఉంటుంది. కుదరకపోతే మెమ్‌టెస్ట్ ప్రోగ్రామ్‌ను రాత్రంతా నడపాలి. ఒక్క ఎర్ర గీత వచ్చినా ఆ స్టిక్‌ను నమ్మకూడదు. ఇక వేడి. ఈ ఊళ్లో ధూళి సంగతి చెప్పక్కర్లేదు. ప్రాసెసర్ మీది ఫ్యాన్ కింద అల్యూమినియం రెక్కల మధ్య అది కంబళిలా పరుచుకుంటుంది. ఇన్‌స్టాల్‌లో ఫైళ్లు విప్పే దశ ప్రాసెసర్‌కు చాలా బరువైన పని. వేసవిలో ఆ సమయానికే మెషీన్ ఠక్కున ఆరిపోతే సాఫ్ట్‌వేర్‌ను అనుమానించకుండా ఫ్యాన్ విప్పండి, ఎండిపోయిన పేస్ట్ తుడిచి కొత్తది రాయండి. ప్రాసెసర్ చుట్టూ నిలువుగా ఉండే కెపాసిటర్ల నెత్తి చదునుగా ఉండాలి. ఉబ్బి ఉంటే ఆ బోర్డు ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం.

బూట్ మొదలై, కొన్ని అక్షరాలు పరుగెత్తి, తెర నల్లబడిపోతే గ్రాఫిక్స్ తగాదా. బూట్ వరసలో నోమోడ్‌సెట్ అని చేరిస్తే కెర్నల్ ఆ కార్డుతో పెద్ద ప్రయోగాలు చేయకుండా సాదా బొమ్మతో సరిపెట్టుకుంటుంది. ఎస్ఐఎస్ చిప్ ఉన్న పాత బోర్డుల్లో ఇది చాలాసార్లు ఆదుకుంటుంది.

తెలుగు సంగతి. ఈ ఊళ్లో మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్లో హిందీ, ఇంగ్లిషు చదువుతారు. తెలుగు రాయడం వచ్చినవాళ్లు తగ్గిపోతున్నారు. అందుకే నేను వేసే ప్రతి మెషీన్‌లోనూ తెలుగు రాసే వీలు ఉండి తీరాలని నా పట్టుదల. డెబియన్‌లో తెలుగు ఫాంట్లు చాలావరకు ఒకే ప్యాకేజీతో వస్తాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు తయారుచేసిన పోతన, వేమన ఫాంట్లు కూడా అందులో ఉంటాయి. తెలుగు టైపు కోసం మామూలుగా ఐబస్ అనే ప్రోగ్రామ్ పెట్టమంటారు. ఒక జీబీలో ఎప్పుడూ వెనక నడుస్తూ ఉండే ప్రోగ్రామ్ ఎందుకు? ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లినక్స్ కీబోర్డు అమరికలోనే ఉంది. సెట్ఎక్స్‌కేబీమ్యాప్ అనే ఒక్క వాక్యం ఆటోస్టార్ట్‌లో రాసి, ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే భాష మారేలా పెట్టాను. దానికి అదనంగా ర్యామ్ ఖర్చు దాదాపు లేదు.

ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులు, గుణింతాలు ఎడమ చేతి కింద, హల్లులు చాలావరకు కుడి చేతి కింద ఉంటాయి. భారతీయ భాషలన్నిటికీ ఒకటే అమరిక. హిందీ 'క' ఏ మీట మీద ఉంటుందో తెలుగు 'క' కూడా అక్కడే. హిందీ చదివే మా పిల్లలకు ఇది పెద్ద వరం. ఈ అమ్మాయి ముందు హిందీలో వేళ్లు కుదుర్చుకుంది. తర్వాత భాష మార్చి చూస్తే అవే వేళ్లకు తెలుగు వచ్చేసింది. గుణింతాలు అప్పుడు సరిచూసుకుంది. 'ఒ', 'ఓ' తేడా హిందీలో లేదు కాబట్టి అక్కడ మాత్రం మొదట్లో తడబడింది. మొన్న శ్రీరామనవమి పందిరి చందాల జాబితా అంతా ఆ అమ్మాయే తెలుగులో టైపు చేసి ఇచ్చింది. ఇంటిపేర్లు వాళ్ల నాయనమ్మ పక్కన కూర్చుని చెప్పింది. ఆ కాగితం చూసినప్పుడు కలిగిన సంతోషం నాకు ఈ పనిలో ఇంకెక్కడా కలగలేదు.

ఏది జరగదో కూడా చెప్పాలి. పైథాన్, టైపింగ్, లెక్కల పట్టికలు, ప్రింటు, పాటలు, పీడీఎఫ్ పుస్తకాలు ఒక జీబీలో హాయిగా నడుస్తాయి. బ్రౌజర్ అలా కాదు. ఇవాళ్టి వెబ్ పేజీ ఒక్కటి తెరిస్తేనే కొన్ని వందల ఎంబీలు పోతాయి. రెండు ట్యాబులు, మూడు ట్యాబులు అనగానే మళ్లీ స్వాప్ మీద పడుతుంది. ఇక్కడ సాఫ్ట్‌వేర్ చమత్కారాలు కొంతదూరమే వస్తాయి, ర్యామ్ కొనాల్సిందే. డీజీ31పీఆర్ బోర్డుకు రెండు స్లాట్లు, 4 జీబీ దాకా పడుతుంది. చచ్చిపోయిన వేరే బోర్డు నుంచి తీసి దాచిన ఒక జీబీ స్టిక్ నా దగ్గరుంటే రెండో స్లాట్‌లో పెట్టాను. రెండు జీబీలైంది. ఇప్పుడు పాఠం వీడియో తక్కువ నాణ్యతలో నడుస్తోంది, పక్కన పైథాన్ తెరిచి ఉన్నా తడబడటం లేదు. డబ్బు ఉంటే తర్వాత మార్చాల్సింది హార్డ్‌డిస్క్. చిన్న ఎస్ఎస్‌డీ పెడితే స్వాప్ మీద పడ్డా ఆ నత్తనడక ఉండదు.

ఇదంతా ఒకరింట్లో ఒకరు చేసుకునే చిల్లర పని అనుకోనక్కర్లేదు. కేరళ ప్రభుత్వ బడుల్లో ఐటీ పాఠాలన్నీ చాలా ఏళ్లుగా లినక్స్ మీదే నడుస్తున్నాయి. కైట్ అనే ప్రభుత్వ సంస్థ బడి మెషీన్ల కోసం విడిగా లినక్స్ తయారుచేసి ఇస్తోంది, మలయాళం సహా. మన దగ్గర హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ తెలుగు లినక్స్ తయారుచేసింది, విద్యార్థులకు నేర్పింది. అలాంటి పట్టు బడుల్లోకి వస్తే అటకల మీది పెట్టెలు వాటంతట అవే కిందికి దిగుతాయని నా నమ్మకం.

బాగుచేయలేనివీ ఉంటాయి. పెంటియం 3, అథ్లాన్ ఎక్స్‌పీ లాంటి ప్రాసెసర్లలో ఎస్ఎస్ఈ2 ఆదేశాలు లేవు, ఇప్పటి బ్రౌజర్లు వాటిలో మొదలు కూడా కావు. కెపాసిటర్లు ఉబ్బిన బోర్డు, టకటక శబ్దం చేసే డిస్క్, వోల్టేజీ నిలవని ఎస్ఎంపీఎస్, వీటి మీద పిల్లల చదువు పెట్టడం నాకు ఇష్టం లేదు. ఆ మాట ఇంటివాళ్లకు మొదటి రోజే చెప్పేస్తాను. అలాంటి మెషీన్ నుంచి ముందు ర్యామ్ స్టిక్కులు తీసి, ఏ రకమో చీటీ అంటించి పెడతాను. ఫ్యాన్, కేబుళ్లు, బాగున్న డీవీడీ డ్రైవ్ దాస్తాను. డిస్క్ నడుస్తుంటే మొత్తం సున్నాలతో రాసి తుడిచేస్తాను, నడవకపోతే డ్రిల్లుతో పళ్లేలకు చిల్లులు వేస్తాను, ఎందుకంటే దానిలో ఎవరి ఆధార్ కాపీ ఉందో, ఎవరి బ్యాంకు కాగితం ఉందో మనకు తెలియదు. బోర్డును మాత్రం కబాడీ బండికి ఎక్కించను. రాగి కోసం దాన్ని కాల్చితే వచ్చే పొగలో సీసం ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని రిజిస్టరైన రీసైక్లర్లకే చేర్చాలి. ఒక్కో బోర్డు కోసం ఎవరూ రారు కాబట్టి గోనెసంచిలో పోగేసి, నిండాక ఇస్తున్నాను. కద్మా, సోనారీ వైపు తెలుగువాళ్లెవరైనా పాత బోర్డులు తెచ్చిస్తే వాటినీ అందులో కలుపుతాను. నడిచే మెషీన్ అయితే, ఇంట్లో దాన్ని వాడే పిల్లనో పిల్లాణ్నో వెంట తీసుకురమ్మంటాను.